బాఖ్ క్రిస్మస్ ఒరాటోరియోను వీడియోలో ఎలా చూడాలి: ఆరు రోజుల పద్ధతి

జొహాన్ సెబాస్టియన్ బాఖ్ జర్మనీలోని లైప్‌జిగ్ నగరపు చర్చిల కోసం సమకూర్చిన క్రిస్మస్ ఒరాటోరియో (బైబిలు కథను గాయకులు, వాద్యాలతో చెప్పే పెద్ద సంగీత కృతి) మొత్తం కలిపి సుమారు రెండున్నర గంటల సంగీతం. దాన్ని చక్కగా చిత్రీకరించిన వీడియోలు ఇప్పుడు ఇంట్లో కూర్చునే చూడవచ్చు. అయినా మొదటిసారి చూసేవారిలో చాలామంది తొలి ఇరవై నిమిషాలు ఉత్సాహంగా చూసి, ఆ తర్వాత భాష తెలియక, ఎవరు ఎందుకు పాడుతున్నారో అంతుపట్టక, మధ్యలోనే ఆపేస్తారు. ఈ కృతిని ఒకే విడతలో వినిపించడానికి బాఖ్ రాయలేదు. ఇందులోని ఆరు భాగాలను 1734 డిసెంబరు 25, 26, 27 తేదీల్లోనూ, 1735 జనవరి 1, 2, 6 తేదీల్లోనూ, రోజుకొక భాగం చొప్పున, ఆరాధనలో భాగంగా పాడించాడు. మీరూ అలాగే రోజుకు అరగంట లోపు కేటాయించి చూస్తే, బరువుగా తోచిన ఈ కృతి తేలికగా లొంగుతుంది. ఈ వ్యాసం అందుకు కావలసిన ఏర్పాట్లను వరుసగా చెబుతుంది.

ముందు వీడియోను ఎంచుకోండి

వెతికేటప్పుడు కృతి పేరు ఒక్కటే చాలదు. బాఖ్ కృతులన్నిటికీ బి.డబ్ల్యు.వి. అనే మూడక్షరాల పట్టికలో ఒక్కో సంఖ్య ఉంది. క్రిస్మస్ ఒరాటోరియో సంఖ్య 248. బాఖ్ పేరుతో పాటు ఆ మూడక్షరాలూ 248 అనే అంకే ఇస్తే, పేరు జర్మన్‌లో ఉన్నా ఇంగ్లిష్‌లో ఉన్నా, సరైన కృతే మీ ముందుకు వస్తుంది. దొరికిన వీడియో నిడివిని తప్పకుండా చూడండి. కచేరీల్లో తరచుగా మొదటి మూడు భాగాలనే వాయించి ముగిస్తారు కాబట్టి, గంటా పావు దరిదాపుల్లో ముగిసే వీడియోలో సగం కృతి మాత్రమే ఉందని గ్రహించాలి. నాలుగో భాగం నుంచి ఉన్న సంగీతం తక్కువదనే అపోహ ఈ అలవాటు వల్లే పుట్టిందని నా అనుమానం.

పేరున్న చిత్రీకరణల్లో రెండింటిని ముందుగా చెప్పుకోవాలి. మొదటిది జాన్ ఎలియట్ గార్డినర్ నిర్వహణలో మాంటెవెర్డి క్వయర్, ఇంగ్లిష్ బరోక్ సోలోయిస్ట్స్ వాద్యబృందం కలిసి 1999 డిసెంబరులో జర్మనీలోని వైమార్ పట్టణంలో, హెర్డర్ చర్చిలో ఇచ్చిన ప్రదర్శన. బాఖ్ మరణించి 250 ఏళ్లు నిండిన 2000 సంవత్సరమంతా ఆయన చర్చి కాంటాటాలను (గాయకులు, వాద్యబృందం కలిసి పాడే చిన్న కృతులను) ఊరూరా పాడుతూ ఈ బృందం చేసిన యాత్రకు ఇదే ఆరంభం. వైమార్‌ను ఎంచుకోవడానికీ కారణముంది, బాఖ్ 1708 నుంచి 1717 వరకు ఆ ఊరి ఆస్థానంలో పనిచేశాడు. రెండోది నికొలాస్ హార్నొంకూర్ నిర్వహణలో 1981లో ఆస్ట్రియాలోని వాల్ట్‌హౌజెన్ మఠం చర్చిలో చిత్రీకరించినది. ఇందులో సొప్రానో, దాని కింది ఆల్టో అనే పై స్వరాలను, ఏకగానాలతో సహా, ట్యోల్జ్ బాలుర క్వయర్‌లోని పిల్లలే పాడతారు. బాఖ్ కాలంలో లైప్‌జిగ్ చర్చిల్లో స్త్రీలు పాడేవారు కాదు, పై స్వరాలు బాలురవే. అందువల్ల చారిత్రకంగా రెండోదే మూలానికి దగ్గరగా కనిపిస్తుంది. అయినా మొదటిసారికి గార్డినర్ వీడియోనే ఎంచుకొమ్మని నా సలహా, ఎందుకంటే అందులో లయ చురుకు, మాటల స్పష్టత, బృందం ఉత్సాహం కొత్తవారిని కదలనివ్వవు. ఇవి రెండూ దొరకనివారు నెదర్లాండ్స్ బాఖ్ సొసైటీ వెబ్‌సైటును చూడవచ్చు. బాఖ్ కృతులన్నిటినీ చిత్రీకరించి ఉచితంగా అందించాలన్న సంకల్పంతో ఆ సంస్థ ఏళ్ల తరబడి పనిచేస్తోంది.

ఏది ఎంచుకున్నా, పాతకాలపు వాద్యాలతో వాయించిన రికార్డింగే మొదట చూడండి. ఆ వాద్యాల రూపమే వేరు, వాటిని చూడడమే వీడియో వల్ల కలిగే మొదటి లాభం. ఇంట్లో కీబోర్డు ఉన్నవారికి ఒక హెచ్చరిక: ఈ బృందాలు సాధారణంగా నేటి శ్రుతికన్నా సుమారు అరస్వరం తక్కువ శ్రుతిలో వాయిస్తాయి. కాబట్టి వీడియోలో వినిపించే స్వరానికీ మీ కీబోర్డులో పలికే స్వరానికీ పొంతన కుదరకపోతే కీబోర్డును అనుమానించనక్కర్లేదు.

ధ్వనిని సరిచేసుకోండి

చిత్రం ఎంత స్పష్టంగా ఉన్నా, ఫోను స్పీకరులో ఈ సంగీతం సగమే వినిపిస్తుంది. బరోక్ అనే బాఖ్ కాలపు సంగీతానికి పునాది మంద్రస్థాయిలో ఉంటుంది: చెల్లో, దానికన్నా పెద్దదైన వియొలోనె, బసూన్, ఆర్గన్ ఎడమచేతి స్వరాలు కలిసి అడుగున నడిచే ఆ పంక్తిపైనే పై స్వరాలన్నీ నిలబడతాయి. ఫోను స్పీకరుకు ఆ పంక్తి పలకదు. సాధారణమైన హెడ్‌ఫోన్ పెట్టుకున్నా, టీవీకి ఒక మాదిరి స్పీకరు కలిపినా చాలు. టీవీలో మాటలు స్పష్టంగా వినిపించడానికి పెట్టే ధ్వని అమరిక ఏదైనా ఆన్‌లో ఉంటే తీసేయండి, అది నడిమి స్వరాలను ఉబ్బించి మంద్రాన్ని మింగేస్తుంది. శబ్దాన్ని మొదటి కోరస్‌లో (బృందగానంలో) ట్రంపెట్లన్నీ కలిసి మోగే చోట సరిచేసుకుని, ఆ తర్వాత ముట్టుకోకండి. ఒకే గాయకుడు ఆర్గన్ తోడుగా పాడేటప్పుడు శబ్దం తగ్గినట్టు అనిపించడం సహజం, దాన్ని పెంచితే తర్వాతి కోరస్ చెవులు అదరగొడుతుంది.

మన సంగీతానికి అలవాటుపడిన చెవి ఒకే రాగధార వెంట నడవడంలో నేర్పరి కాబట్టి, ఇక్కడ కూడా అన్నిటికన్నా పైన వినిపించే స్వరాన్నే పట్టుకుంటుంది. దానికి ఒక చిన్న సాధన ఉంది. ఏదైనా ఒక ఏకగానాన్ని రెండుసార్లు వినండి. మొదటిసారి గాయకుడి వెంట నడవండి. రెండోసారి గాయకుణ్ణి పూర్తిగా వదిలేసి, చెల్లో వాయించేవారి కమాను చేతి మీదే దృష్టి పెట్టండి, కెమెరా వారిని చూపనప్పుడు కూడా చెవితో వారినే వెంబడించండి. ఒకటి రెండు రోజుల్లోనే రెండు ధారలూ ఒకేసారి వినిపించడం మొదలవుతుంది.

తెలుగు బైబిలును పక్కన పెట్టుకోండి

పాడేది జర్మన్ భాషలో అయినా కథ మీకు తెలిసినదే. మొదటి నాలుగు భాగాలకు లూకా సువార్త 2వ అధ్యాయంలోని 1 నుంచి 21 వరకు ఉన్న వచనాలూ (వాటిలో రెండో వచనాన్ని మాత్రం వదిలేశారు), చివరి రెండు భాగాలకు మత్తయి సువార్త 2వ అధ్యాయంలోని 1 నుంచి 12 వరకు ఉన్న వచనాలూ ఆధారం. ఆ రోజు భాగానికి చెందిన వచనాలను చూసే ముందు ఒకసారి తెలుగులో చదువుకోండి. వీడియోలో ఇంగ్లిష్ ఉపశీర్షికలు ఉంటే పెట్టుకోండి, కానీ వాటినే చదువుతూ కూర్చుంటే వాద్యబృందాన్ని చూడలేరు. కథ ముందే చదివి ఉంటే ఉపశీర్షికలను అప్పుడప్పుడు ఓరగా చూస్తే సరిపోతుంది.

ఇక్కడ ఒక పక్కమాట చెప్పాలి. లైప్‌జిగ్‌కు కొద్ది దూరంలోనే ఉన్న హాలే పట్టణంలో, బాఖ్ ఇంకా బతికి ఉండగానే, 1746లో తెలుగు లిపిలో క్రైస్తవ పుస్తకాలు అచ్చయ్యాయి. వాటిని సిద్ధం చేసినవాడు మద్రాసులో పనిచేసి తెలుగు నేర్చుకుని తిరిగి వెళ్లిన లూథరన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్. తొలి తెలుగు ముద్రిత పుస్తకాలుగా సాహిత్య చరిత్రకారులు చెప్పేవి అవే. బాఖ్ నడిచిన లూథరన్ సంప్రదాయమే ఆ తర్వాత 1842లో మిషనరీ హేయర్ రాకతో గుంటూరులో వేరూనింది కాబట్టి, ఆ సంఘాల వారికి ఈ కృతిలోని కొన్ని కీర్తనల వరుసలు పూర్తిగా పరాయివిగా తోచకపోవచ్చు.

నాలుగు రకాల పాటలను గుర్తుపట్టండి

మొత్తం 64 ఖండికలు ఉన్న ఈ కృతిలో దారి తప్పకుండా ఉండాలంటే, ఎవరు పాడుతున్నారన్నది కన్నా ఏ హోదాలో పాడుతున్నారన్నది తెలియాలి. దీనికి మనకు హరికథ తోడ్పడుతుంది: కథకుడు వచనంలో కథ నడుపుతూ, ఒక ఘట్టం రాగానే ఆగి, దాని భావాన్ని కీర్తనలో విస్తరించి, మళ్లీ కథలోకి వస్తాడు. ఇక్కడ కథకుడు సువార్తికుడు అనే టెనార్ (పురుషుల పై స్వరం) గాయకుడు. అతడు బైబిలు వచనాలను మాటకూ పాటకూ నడుమ ఉండే ధోరణిలో, ఆర్గన్, చెల్లోల తోడుతో మాత్రమే పలుకుతాడు. ఆ వెంటనే మరో గాయకుడు ఓబోల (సన్నాయిలా ఊదే వాద్యాల) వంటి వాటి తోడుతో కొద్దిసేపు పలికితే, అది ఆ ఘట్టంపై వ్యాఖ్యానం. దాని తర్వాత వచ్చే దీర్ఘమైన ఏకగానం ఆరియా. అందులో ఒక విశ్వాసి తన మనసులో మాట చెప్పుకుంటాడు. నాలుగు స్వరాల్లో బృందమంతా నిదానంగా, పాదం చివర ఆగుతూ పాడేది కోరాల్, అంటే సంఘమంతటికీ నోటికి వచ్చిన కీర్తన. ఈ నాలుగింటినీ వేరు చేయగలిగిన రోజున భాష తెలియని ఇబ్బంది చాలావరకు తీరిపోతుంది. రాజు హేరోదు, దూత, కాపరులు, జ్ఞానులు వంటి పాత్రలు నోరు విప్పినప్పుడు కథకుడు పక్కకు తప్పుకుని, ఒక గాయకుడో బృందమో ఆ మాటలు అందుకుంటుంది.

మొదటి రోజు, డిసెంబరు 25

ఆరంభంలోనే టింపని అనే డోలు ఒక్కటే మోగుతుంది. ఇంత పెద్ద కృతిని డోలుతో ఒంటరిగా మొదలుపెట్టడం వింతగానే ఉంటుంది, దాని వెనుక కథ ఉంది. ఈ కోరస్ బాణీ అంతకు ముందటి ఏడాది, 1733 డిసెంబరు 8న, సాక్సనీ పాలకుడి భార్య మరియా జొసేఫా పుట్టినరోజుకు బాఖ్ రాసిన కాంటాటాలోనిది. అక్కడి సాహిత్యం మొదటి మాటలోనే డోళ్లను మోగమంటుంది, ఆ వెంటనే ట్రంపెట్లను పలకమంటుంది. వాద్యాలు ఆ ఆజ్ఞను పాటించడమే ఆ సంగీతం. క్రిస్మస్‌కు బాణీ అదే ఉంచి, ఆనందించండి అనే కొత్త సాహిత్యం కూర్చారు. గాయకులంతా మొదట ఒకే స్వరంలో, మంద్రంగా, ఆ డోలు దెబ్బలనే అనుకరిస్తూ ప్రవేశించడం గమనించండి. రాణిగారి పుట్టినరోజు పాటను దేవుడికి సమర్పించడం తగునా అని తర్వాతి తరాల వారు కొందరు నొచ్చుకున్నారు గానీ, పాత వరుసకు కొత్త మాటలు కట్టి భజన నడిపించే దేశంలో పుట్టినవారికి ఇందులో తప్పు కనబడే అవకాశం తక్కువ.

నాలుగో ఖండికలో ఆల్టో స్వరం సీయోనును సిద్ధపడమని పిలుస్తుంది. ఈ వరుస మరో కాంటాటాలో గ్రీకు పురాణ వీరుడు హెర్క్యులీస్ నోట, సుఖలాలసను నీ మాట వినను పొమ్మని తిరస్కరించే పాటగా ఉండేది. తిరస్కారానికి పనికొచ్చిన వరుస ఎదురుచూపుకు ఎలా సరిపోయిందంటే, బాఖ్ తంత్రుల మొనదేలిన వాదనను సడలించి, మృదువైన ఓబో దామోరెను వయొలిన్‌తో జతచేశాడు. ఐదో ఖండిక అయిన కోరాల్ వరుసను జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి, ఆరో రోజు దానితో పని ఉంది.

ఎనిమిదో ఖండికలో బాస్ (పురుషుల మంద్ర స్వరం) గాయకుడి పక్కన ట్రంపెట్ వాయిస్తారు. కెమెరా ట్రంపెట్ దగ్గరికి వెళ్లగానే వాయించేవారి చేతులు చూడండి. నేటి ట్రంపెట్‌కు ఉండే మూడు మీటలు దీనికి లేవు. స్వరాలన్నీ పెదవుల బిగువుతో, ఊపిరితోనే పుట్టాలి. కొందరు వాదకుల వేళ్లు గొట్టం మీద చిన్న రంధ్రాలను మూసి తెరవడం కనిపిస్తే, అది శ్రుతి కుదరడానికి ఇటీవలి కాలంలో చేసుకున్న సవరణ. బాఖ్‌కు ఏళ్ల తరబడి ట్రంపెట్ వాయించిన గాట్‌ఫ్రీడ్ రైఖె ఈ సంగీతాన్ని వాయించలేదు. రాజు ఎదుట ఆరుబయట జరిగిన రాత్రి కచేరీ మర్నాడు, 1734 అక్టోబరు 6న, ఆయన చనిపోయాడు. ఆ రాత్రి వాయించిన కాంటాటాలోని ఒక ఆరియాను బాఖ్ ఇందులో ఐదో భాగానికి తీసుకున్నాడు.

రెండో రోజు, డిసెంబరు 26

నాకు ఆరింటిలో ఇదే ప్రియమైన భాగం, వీడియోలో చూడడానికి అన్నిటికన్నా అనువైనది కూడా. ట్రంపెట్లు, టింపని లేవు. మొదటి ఖండికలో గాయకులు కూర్చునే ఉంటారు; వాద్యాలు మాత్రమే పలికే ఖండిక కృతి మొత్తంలో ఇదొక్కటే. వాద్యబృందాన్ని రెండు గుంపులుగా చూడండి: తంత్రీవాద్యాలతో ఫ్లూట్లు ఒక పక్క, నాలుగు ఓబోలు మరో పక్క. మొదటివారిని దూతలుగానూ, రెండోవారిని పిల్లనగ్రోవులూదే కాపరులుగానూ భావించడం చాలాకాలంగా ఉన్న వ్యాఖ్యానం. వారు విడివిడిగా మొదలై, ఒకరి వరుసలోకి ఒకరు వస్తూ చివరికి కలుస్తారు. నాలుగు ఓబోల్లో రెండు కొడవలిలా వంగి, తోలు తొడుగుతో, చివర ఇత్తడి గంటతో ఉంటాయి. అది ఓబో ద కచ్చా, వేట ఓబో. బాఖ్ కాలపు లైప్‌జిగ్‌లో వీటిని తయారుచేసే నిపుణులు ఉండేవారు.

19వ ఖండిక జోలపాట. హెర్క్యులీస్ కాంటాటాలో ఇది సుఖలాలస అతణ్ణి నిద్రపుచ్చి మాయచేయడానికి సొప్రానో స్వరంలో పాడిన పాట. ఇక్కడ దాన్ని దించి ఆల్టో స్వరానికి ఇచ్చి, అదే వరుసను ఫ్లూట్ పైస్థాయిలో పలికేట్టు చేశాడు. పాటలో మొదట వచ్చే దీర్ఘస్వరం దగ్గర గాయని ఊపిరిని ఎలా పట్టి ఉంచుతుందో, ఆ స్వరం కింద తంత్రులు ఎలా ఊయల ఊగుతాయో చూడడానికి ఈ ఒక్క ఖండికను మళ్లీ పెట్టుకోవడంలో తప్పులేదు. ఆ తర్వాత దూతల స్తుతిగీతం వస్తుంది. లూకా 2:14, సర్వోన్నతమైన స్థలములలో దేవునికి మహిమ అని తెలుగు చర్చిల్లో అందరికీ నోటికి వచ్చిన వచనమే. బృందమంతా ఆ వచనాన్ని ఒకరి వెంట ఒకరు అందుకుంటూ పాడతారు. చివరి కోరాల్ పాదాల మధ్య ఓబోలు, ఫ్లూట్లు మొదటి ఖండికలోని తునకలను మళ్లీ వినిపిస్తాయి. మంచి దర్శకుడైతే కెమెరాను సరిగ్గా ఆ సమయానికి వారి మీదికి తిప్పుతాడు.

మూడో రోజు, డిసెంబరు 27

ఇది అన్నిటిలోకీ సులభమైన భాగం కాబట్టి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మొదటి కోరస్సే చివర మళ్లీ వస్తుంది. నడుమ 31వ ఖండికను మాత్రం వదలకండి. మరియ ఆ మాటలన్నీ హృదయంలో తలపోసుకొన్నదని సువార్తికుడు చెప్పిన వెంటనే, ఒకే ఒక వయొలిన్ తోడుగా ఆల్టో స్వరం పాడే ఆరియా అది. మిగిలిన ఆరియాలకు పాత బాణీలు వాడుకున్న బాఖ్ దీన్ని కొత్తగా రాశాడు. తెర మీద చూడవలసింది గాయని కన్నా వయొలిన్ వాదకుణ్ణే.

నాలుగో రోజు, జనవరి 1

సువార్త నుంచి తీసుకున్నది ఇక్కడ ఒకే వచనం, శిశువుకు యేసు అని పేరు పెట్టడం. అందుకే కథ ఆగిపోయి ధ్యానం మిగులుతుంది. ట్రంపెట్ల బదులు రెండు కొమ్ములు వస్తాయి. వాటి గొట్టం చుట్టలు చుట్టుకుని ఉంటుంది, శబ్దం గుండ్రంగా, వెచ్చగా ఉంటుంది.

39వ ఖండిక ప్రతిధ్వని ఆరియా. చావుకు భయపడాలా అని సొప్రానో అడిగితే దూరం నుంచి మరో సొప్రానో లేదంటుంది. సంతోషించాలా అంటే అవునంటుంది. ఓబో కూడా తన మాటకు తానే ప్రతిధ్వనిస్తుంది. రికార్డులో ఇది చిత్రంగా, కొంచెం అమాయకంగా వినిపించవచ్చు. వీడియోలో దాని రహస్యం తేలిపోతుంది, ఎందుకంటే ప్రతిధ్వని పాడేవారిని ఎక్కడ నిలబెట్టారో కనబడుతుంది: కొన్నిచోట్ల మేడ వరండాలో, కొన్నిచోట్ల స్తంభం చాటున, కొన్నిచోట్ల బృందంలోనే వెనుక వరుసలో. చూసే ముందు కళ్లు మూసుకుని, ఆ గొంతు ఏ దిక్కు నుంచి వస్తోందో ఊహించి, ఆ తర్వాత తెర చూడండి. హెడ్‌ఫోన్‌లోనైతే ఈ ఆట బాగా సాగుతుంది.

ఐదో రోజు, ఆరో రోజు

ఐదో భాగం 1735లో కొత్త సంవత్సరం తర్వాత వచ్చిన ఆదివారానిది. అది ఆ ఏడాది జనవరి 2. మీరు ఆ తేదీనైనా పాటించవచ్చు, ఆ తర్వాతి ఆదివారమైనా చూడవచ్చు. తూర్పు దేశపు జ్ఞానులు యూదుల రాజు ఎక్కడని వెతుకుతూ రావడం ఇక్కడ బృందగానంగా వస్తుంది, వారి మాటల మధ్యలో ఆల్టో గాయని జవాబు చెబుతుంది. తర్వాత వచ్చే త్రిగళ గానంలో సొప్రానో, టెనార్ ఆ సమయం ఎప్పుడు వస్తుందని మొరపెట్టుకుంటుంటే, ఆల్టో మధ్యలో అడ్డుపడి ఊరుకోండి, వచ్చే ఉన్నాడు అంటుంది. ముగ్గురి ముఖకవళికలనూ కెమెరా దగ్గరగా చూపితే ఈ సంవాదం నాటకంలా రక్తి కడుతుంది.

జనవరి 6 జ్ఞానుల పండుగ. ఆరో భాగంలో ట్రంపెట్లు తిరిగి వస్తాయి. హేరోదు మాటలను బాస్ గాయకుడు పాడతాడు, తియ్యటి మాటల కింద కపటం వినిపించేలా. తొట్టి పక్కన నిలబడి నా దగ్గరున్నదంతా నీకిస్తానని పాడే 59వ కోరాల్ చాలా సాదాగా ఉంటుంది. చివరి ఖండికకు ముందు నలుగురు ఏకగాయకులూ ఒకేసారి పలుకుతారు. ఆ పైన వచ్చే 64వ ఖండికలో మొదటి రోజు గుర్తుపెట్టుకొమ్మన్న కోరాల్ వరుసను వెతకండి: అది యేసు శ్రమల కీర్తనగా లూథరన్ సంఘాలన్నీ ఎరిగిన వరుస, ఇప్పుడు ట్రంపెట్ల మెరుపుల మధ్య విజయగీతంగా వస్తుంది. బాఖ్ దాన్ని ఉద్దేశపూర్వకంగానే రెండు కొసల్లో ఉంచాడని చాలామంది అంటారు. ఆరో భాగం మరొక కాంటాటా ఆధారంగా తయారైంది కాబట్టి యాదృచ్ఛికమేననేవారూ ఉన్నారు. విన్నాక మీరే నిర్ణయించుకోవచ్చు.

ఒకసారి తెర లేకుండా వినండి

లైప్‌జిగ్‌లో గాయకులు, వాద్యకారులు చర్చి వెనుక వైపు మేడ మీద ఉండేవారు. ఉపదేశపీఠం వైపు తిరిగి కూర్చున్న సంఘానికి సంగీతం వినిపించేదే గానీ పాడేవారి ముఖాలు దగ్గరగా కనబడేవి కావు. ఇప్పుడు కెమెరా మనల్ని వయొలిన్ కమాను దగ్గరికి, గాయని పెదవుల దగ్గరికి తీసుకెళ్తోంది. ఇది గొప్ప సదుపాయమే, అయితే దీనికొక ధర ఉంది: కెమెరా ఎవరిని చూపిస్తే చెవి వారినే వింటుంది, మిగిలినవారు వెనక్కి పోతారు. అందుకని ఏ రోజు భాగాన్ని ఆ రోజు చూశాక, వీలైతే మర్నాడు ఉదయం, తెర ఆపేసి ధ్వని మాత్రం వినండి. ముందురోజు చూసిన వాద్యాలను పోల్చుకుంటూ విన్నప్పుడు, ఇంతకుముందు ఒకే ముద్దగా తోచిన ధ్వని విడివిడి గొంతులుగా విచ్చుకుంటుంది. పాఠాన్ని కూడా పట్టుకోదలచినవారు స్వరప్రతిని దించుకోవచ్చు. బాఖ్ కృతులపై హక్కుల కాలం ఎప్పుడో తీరిపోయింది కాబట్టి పాత ముద్రణల స్వరప్రతులు ఐ.ఎమ్.ఎస్.ఎల్.పి. అనే ఉచిత గ్రంథాలయంలో దొరుకుతాయి.

నలుగురికీ చూపించాలంటే

చర్చి హాలులోనో స్నేహితుల ఇంట్లోనో ప్రొజెక్టరు పెట్టి చూపించదలిస్తే, మొదటి రెండు భాగాలకే పరిమితం కండి. రెండూ కలిపి గంటకు కాస్త లోపే ముగుస్తాయి, కథ కూడా దూతల గీతం వరకు వచ్చి నిలుస్తుంది. సంగీతంపై హక్కులు లేకపోయినా, రికార్డింగుపై హక్కులు నిర్మాతలవే. కాబట్టి బహిరంగ ప్రదర్శనకు అనుమతి తీసుకోవడమో, సంస్థలే ఉచితంగా పెట్టిన వీడియోల నిబంధనలు చదివి వాడడమో చేయాలి. ప్రతి భాగానికి ముందు ఒకరు లూకా సువార్త వచనాలను తెలుగులో గట్టిగా చదివితే, అంతకన్నా వివరణ అవసరం ఉండదు. ఖండికకు ఖండికకు మధ్య ఆపి ఉపన్యసించడం మాత్రం వద్దు.

నాలుగు స్వరాల్లో పాడే అలవాటున్న క్వయర్ వారైతే ప్రదర్శన తర్వాత ఒక కోరాల్‌ను తామే పాడి చూడవచ్చు. కోరస్‌ల జోలికి వెళ్లకుండా 59వ ఖండికతో మొదలుపెట్టండి: ట్రంపెట్లు లేవు, పరుగులు లేవు, ఒక కీబోర్డు తోడుంటే చాలు. ముందు బాస్ పంక్తిని విడిగా నేర్చుకుని, దానిపై సొప్రానోను కలిపి, ఆ రెండూ స్థిరపడ్డాకే ఆల్టో, టెనార్లను చేర్చండి. నడిమి రెండు స్వరాలే కష్టమైనవి. వాటిని మొదట పెడితే వరుస తెలియక తడబడతారు.

ఆరు రోజులూ పూర్తయినవారు వెంటనే మరో కృతికి వెళ్లకుండా, రెండో రికార్డింగులో ఒక్క మొదటి కోరస్‌ను చూడండి. గార్డినర్ తర్వాత హార్నొంకూర్ వీడియో పెట్టుకుంటే, ముందు వేగంలో తేడా తెలుస్తుంది. ఆ తర్వాత బాలుర గొంతుల్లోని నిటారైన, కంపనం తక్కువైన నాదం వినిపిస్తుంది. అక్కడి నుంచి రెండో రోజు జోలపాటను రెండు వీడియోల్లోనూ పక్కపక్కనే పెట్టి, ఒక స్త్రీ పాడినప్పుడూ ఒక బాలుడు పాడినప్పుడూ ఆ దీర్ఘస్వరం ఎంతసేపు, ఎలా నిలుస్తుందో పోల్చుకోండి.